ఇక్కడి నుంచి గట్టిగా చదువు

అమీర్‌పేట,
ఆదివారం మధ్యాహ్నం

చెల్లెలు పైడికి,

అక్క రత్నం దీవించి రాసేది. నేను బాగున్నాను. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను, చదువు సాగుతోంది. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నాన్న దగ్గు తగ్గిందా? మీరంతా కులాసాగా ఉన్నారని మనసుకి నచ్చజెప్పుకుని కలం పట్టాను.

ముందు ఒక మాట. ఈ ఉత్తరం కోసం నాన్న ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. చేపల వేట నిషేధం రోజులు కాబట్టి ఇంట్లోనే ఉంటాడు. కవరు చేతికి రాగానే అరుగు మీద కూర్చుని, పక్కింటి దానమ్మత్తని కూడా కేకేసి, నిన్ను చదవమంటాడు. చదవకు. కళ్ళు మండుతున్నాయని చెప్పు, కడుపులో నొప్పని చెప్పు, ఏదో ఒకటి చెప్పి పెరట్లోకి పో. ఈ మొదటి భాగం నీ ఒక్కదానికే. నాన్నకి ఎక్కడి నుంచి వినిపించాలో కింద రాస్తాను.

నాన్న నాతో ఫోన్లో ఏమన్నాడో నీకు పూర్తిగా తెలియదు. ఇదీ ఆ రోజు మాట:

"ఒలే పెద్దమ్మీ, సిన్నది ఏటో పోటీలంటంది. తమిళనాడంట. ఆ కోచ్ బాబు ఇంటికొచ్చి కూకున్నాడు. మీ అమ్మ ఒద్దంటే ఒద్దంటంది. నాకేటీ తోచట్లేదు. సదువుకున్నదానివి, నువ్వేటంటావు?"

"ఆలోచించి చెబుతాను నాన్నా."

"పోన్లో సెప్పకు. పోన్లో అయితే అది నీ సెవిలో పోరెట్టి ఊఁ అనిపించేస్తాది. కాయితం మీద రాయి. నువ్వు రాసిందే మాట. మీ అమ్మకీ అదే సెప్పేసినాను."

అప్పటి నుంచి నువ్వు పొద్దునొకటి, సాయంత్రమొకటి మెసేజి పెడుతున్నావు. "అక్కా, రాశావా?" పరీక్షలని చెప్పాను. పరీక్షలు ఎప్పుడో అయిపోయాయి. రాయబుద్ధి కాలేదు, అంతే.

పైడీ, నాకు నీ మీద కుళ్ళుగా ఉంది.

ఇక్కడ లైబ్రరీలో లావుపాటి నిఘంటువు ఒకటి ఉంది. రెండు చేతులతో ఎత్తాలి. క్లాసు లేనప్పుడు వెళ్ళి దాన్ని ముందేసుకు కూర్చుంటాను. ఒక మాట కోసం తెరిస్తే పక్కనున్న పది మాటలు నన్ను పోనివ్వవు. అసూయ, ఈర్ష్య, మాత్సర్యం, ఓర్వలేనితనం అన్నీ చూశాను. ఏ మాటా నాకు సరిపోలేదు. అవన్నీ ఇస్త్రీ బట్టలు కట్టుకున్న మాటలు. నాకున్నది అమ్మ అనే కుళ్ళు. దానికి వాసన కూడా ఉంటుంది.

ఇక్కడి సంగతులు చెప్పి తర్వాత అక్కడికి వస్తాను. నువ్వు తొందరపడి చివరి పేజీ చూస్తావు. చూడకు.

మా హాస్టలు అమీర్‌పేట మెట్రోస్టేషను వెనక సందులో ఉంది. సందు సందంతా కోచింగు సెంటర్ల బోర్డులే. ఆకాశం చూడాలంటే బోర్డుల మధ్య ఖాళీ వెతుక్కోవాలి. ఏ వైపు చూసినా చూపు ఏదో గోడకి తగిలి ఆగిపోతుంది. మన పేటలో చూపు ఆగడానికి ఏముందీ? వచ్చిన కొత్తలో నాకు తలనొప్పి వచ్చేది. కళ్ళద్దాలు కావాలేమో అనుకున్నాను. డాక్టరమ్మ చూసి కళ్ళు బాగానే ఉన్నాయంది. దూరం చూడటం అలవాటైన కళ్ళకి దూరం దొరక్క నొప్పి అని నేనే తేల్చుకున్నాను. ఇప్పుడు తగ్గింది. అమ్మకి ఈ తలనొప్పి సంగతి చెప్పకు.

ఎండ పొడిగా ఉంటుంది. చెమట పట్టీ పట్టకుండానే ఆరిపోతుంది. తల దువ్వుకుంటే జిడ్డు లేదు, పెదవి తడుముకుంటే ఉప్పు లేదు. మొన్న మొదటి వాన పడింది. పంజాగుట్ట వైపు రోడ్డంతా నీళ్ళు నిలిచాయి. బస్సు వెళ్తే నీళ్ళు అలలా లేచి దుకాణాల మెట్ల మీద పడ్డాయి. జనం తిట్టుకుంటూ పక్కకి గెంతారు. నేనొక్కదాన్నే నిలబడి చూశాను. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

నా గదిలో ఉండే అమ్మాయి పేరు సౌజన్య. సిద్దిపేట దగ్గర పల్లె. ఇద్దరం ఒకే కోచింగు. మంచిది, కానీ నోరు ఊరుకోదు. పోయినసారి మీరు పంపిన ఎండు నెత్తళ్ళు నేను విప్పగానే ముక్కు మూసుకుని, "గదేం వాసనే తల్లీ, గది ఖాళీ చేయాల్నా ఏంది!" అని బయటికి ఉరికింది. హాస్టల్లో వండే ఆంటీని బతిమాలి వంటింట్లో వేయించాను. అన్నంలోకి ఒకటి రుచి చూడమంటే ఒకటి తిని, "ఇంక రెండు వెయ్యి" అంది. కాబట్టి ఈసారి ఎక్కువ పంపండి. కవర్లు రెండు వేసి కట్టండి.

మా స్టేషనులో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. పొద్దున్న అక్కడ చూడాలి జనాన్ని. మొదటి రోజుల్లో సౌజన్య దూకేది, వెనక్కి తోసుకొచ్చేవాళ్ళ మధ్య నలిగేది, చున్నీ ఊడేది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. "ఉండు. పెద్దవి పోనీ." ఒక రైలు, దాని వెనకే ఇంకో రైలు, రెండు లైన్ల జనం ఒకేసారి మెట్ల మీదికి విరుచుకుపడ్డారు. తర్వాత ఒక్క క్షణం మెట్లు ఖాళీగా కనిపించాయి. "ఇప్పుడు" అన్నాను. తాపీగా నడిచి వెళ్ళి రైల్లో కూర్చున్నాం.

"నీకెట్ల తెలుసే గిది?" అంది.

"మా తాత తెరిపి అనేవాడు" అన్నాను.

నిఘంటువులో తెరిపి ఉంది పైడీ. వాన కాసేపు ఆగడం అని రాశారు. సముద్రానికి కూడా తెరిపి ఉంటుందని రాయలేదు. పెద్ద కెరటాలు వరసగా వచ్చి పోయాక సముద్రం ఒక్క గుక్క ఊపిరి పీలుస్తుందనీ, పడవ దించాలన్నా, ఒడ్డుకి తేవాలన్నా అదే సమయమనీ ఆ పుస్తకానికి తెలీదు. నాకు తెలుసు. నీకూ తెలుసు. ఎలా తెలుసో నీకు గుర్తుందా?

ఇక ఆ వీడియో సంగతి.

నువ్వు పంపిన రోజు హాస్టల్లో అందరం టిఫిను దగ్గర ఉన్నాం. సౌజన్య నా ఫోను లాక్కుంది.

"ఏయ్, గీ పోరి ఎవరే? అచ్చం నీ లెక్కనే ఉన్నది!"

"మా చెల్లెలు."

"నీ చెల్లెనా! అబ్బబ్బ, చూడుర్రే గిటు, నీళ్ళ మీద ఎట్ల నిలవడ్డదో!"

ఫోను బల్ల చుట్టూ తిరిగింది. ఆంటీ కూడా అట్లకాడ పట్టుకునే వచ్చి చూసింది. "పిల్లకి భయమనేదే లేదేంటమ్మా!" అంది. ఆంటీది గుంటూరు వైపు, సముద్రాన్ని కార్తీక మాసంలో మాత్రమే చూసిన మనిషి. నువ్వు పచ్చటి కెరటం భుజం మీద ఒంగి నిలబడి ఉన్నావు. ఒక చెయ్యి ముందుకి, ఒకటి వెనక్కి. జుట్టు కొప్పు పెట్టావు. నవ్వుతున్నావు కూడానా? నవ్వకుండా ఉండి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"నీకు సుత వస్తదా?" అని సౌజన్య అడిగింది.

"రాదు. మా పేటలో ఆడపిల్లలు పెద్దమనిషి అయ్యాక సముద్రంలోకి దిగకూడదు. పడవని ముట్టుకోకూడదు."

"మరి గీమె దిగింది గద?"

ఇడ్లీ నమిలాను. అప్పటి నుంచి నేను హాస్టల్లో "సర్ఫింగ్ పోరి వాళ్ళ అక్క"ని. నాకిక్కడ మొన్నమొన్నటిదాకా ఒక పేరుండేది.

నీకు గుర్తుండకపోవచ్చు, చిన్నదానివి. నేను ఈతలో మగపిల్లల్ని దాటిపోయేదాన్ని. పగిలిన పడవ చెక్క ఒకటి పట్టుకుని దాని మీద బోర్లా పడుకుని కెరటంతో ఒడ్డుకి జారేదాన్ని. నిలబడటం ఒకటే మిగిలింది. నిలబడదామనుకున్న ఏడాదే, పెద్దమనిషినయ్యానని అమ్మ నన్ను గడప లోపల కూర్చోబెట్టింది. ఆ పదిరోజులూ అయ్యాక బయటికి వస్తే చెక్క పొయ్యిలోకి పోయి ఉంది. సముద్రం అక్కడే ఉంది, నేను మాత్రం దిబ్బ మీద.

దిబ్బ మీద తాత పక్కన. తాత అప్పటికి వేట మానేశాడు. సరుగుడు చెట్ల ముందు ఆ ఇసుక దిబ్బ మీద నిలబడి తుండు ఊపడమే ఆయన పని. పడవలో ఉన్నవాడికి వెనక వచ్చే కెరటాల వరస కనిపించదు, దిబ్బ మీద ఉన్నవాడికి కనిపిస్తుంది. తుండు కిందికి దించి పట్టుకుంటే ఆగమని. పైకెత్తి ఊపితే తెరిపి వచ్చింది, రమ్మని. నాకు అన్నీ నేర్పాడు. నువ్వు ఒడ్డున తడుస్తూ ఆడుకునేదానివి. నేను దిబ్బ మీంచి అరిచేదాన్ని: "పైడీ, దీన్ని వదిలెయ్! వెనకది! వెనకదాన్ని పట్టు!" నువ్వు పట్టేదానివి. కెరటం నిన్ను తెచ్చి నా ముందు పడేసేది. నువ్వు నవ్వేదానివి. అప్పుడూ నవ్వేదానివే.

తర్వాత కారుల్లో సిటీ వాళ్ళు రంగు రంగుల బోర్డులు తెచ్చారు. మన మగపిల్లలు వాళ్ళకి సామాను మోసి, తర్వాత బోర్డు ఎక్కి, తర్వాత వాళ్ళకే నేర్పడం మొదలుపెట్టారు. వలలు ఆరేసే చోట కాఫీ కొట్టు వచ్చింది. వల మీద బోర్డు పెట్టారని ఒకసారి కొట్లాట కూడా అయింది. ఆ గొడవల్లోనే సముద్రం లోపలికి వచ్చింది. ముందు సరుగుడు చెట్లు కూలాయి. తర్వాత దిబ్బ. తర్వాత దానమ్మత్త వాళ్ళ వంటిల్లు. పడవ దిగే చోటు లేక నాన్న పడవని హార్బరుకి తీసుకెళ్ళిపోయాడు.

నువ్వు పెద్దమనిషివి అయినప్పుడు అమ్మ నిన్నూ ఆపబోయింది. నాన్న ఏమన్నాడో నేను అక్కడే గుమ్మంలో నిలబడి విన్నాను. "సంద్రమే ఇంటికొచ్చేత్తంటే పిల్లని సంద్రం కాడికెల్లొద్దని ఏటి సెప్తామే?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ సముద్రం నా వేళకి నాలుగడుగులు ముందుకొచ్చి ఉంటే ఏం పోయేది?

మొన్న జాగ్రఫీ క్లాసులో సారు తీరం కోత గురించి చెప్పారు. బోర్డు మీద ఒడ్డు గీసి, దానికి అడ్డంగా ఒక రాళ్ళ గోడ గీశారు. ఒడ్డు వెంబడి ఇసుక నడుస్తూ ఉంటుందట. ఎక్కడైనా గోడ కట్టి ఆపితే, ఆ గోడకి అవతల ఉన్న ఊరికి అందాల్సిన ఇసుక అందదు. అక్కడ కోత మొదలవుతుంది. మనకి దక్షిణాన ఉన్న పేటకి రాళ్ళు వేశాకే మనది పోవడం మొదలైంది, గుర్తుందా? నేను లేచి అడిగాను.

"సార్, కోసుకుపోయిన ఇసుక ఎక్కడికి పోతుంది?"

"కొంత ఒడ్డు వెంట పోతుందమ్మా. కొంత ఒడ్డుకి కాస్త దూరంలోనే నీళ్ళ అడుగున మెరకలా పేరుకుంటుంది. కెరటం దానికి తగిలి అక్కడ లేచి విరుగుతుంది."

మంచి ప్రశ్న అని సారు మెచ్చుకున్నారు, నాకది పట్టలేదు. "ఇప్పుడు భలే కెరటం లేస్తోందక్కా, ఇదివరకు ఇలా లేచేది కాదు" అని నువ్వే కదా చెప్పావు? పైడీ, అది మన దిబ్బ. నేను కూర్చున్న ఇసుక. అది కూడా నీ కాళ్ళ కిందికే వెళ్ళింది.

ఆ సాయంత్రం సౌజన్య నన్ను పంజాగుట్టలో ఒక మాల్‌కి లాక్కుపోయింది, ఏసీ గాలికి. బట్టల కొట్టు ముందు నీలం కాగితంతో సముద్రం కట్టారు. అట్టతో కొబ్బరిచెట్టు, నేల మీద నిజం ఇసుక, ఇసుక మీద ఒక బోర్డు. జనం దాని మీద ఎక్కి ఫోటోలు దిగుతున్నారు. కొట్టు అబ్బాయి పిలిచాడు.

"రండ్రి మేడం, ఎక్కుర్రి. ఫోటో ఫ్రీ."

నేను చెప్పులు విప్పి ఎక్కాను. ఎందుకు ఎక్కానో అడగకు. వీడియోలో నువ్వు నిలబడినట్టే నిలబడ్డాను, మోకాళ్ళు వంచి, చేతులు అలా పెట్టి. ఎన్నిసార్లు చూసి ఉంటాను!

"అరే, మేడంకు వచ్చినట్టుంది గదా! వస్తదా మేడం?"

"వచ్చు" అన్నాను.

సౌజన్య ఫోను దించి నా వైపు చూసింది. ఆ అబ్బాయికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది పాపం. "నేను సముద్రం చూడలే మేడం. అల మీద నిలవడ్డప్పుడు ఏం కనవడతది?"

నాకు తెలీదు. దిబ్బ మీంచి ఏం కనిపిస్తుందో గంటసేపు చెప్పగలను. అల మీంచి ఏం కనిపిస్తుందో నాకు తెలీదు. నా వెనక ఒక చిన్నపిల్ల ఫోటో కోసం ఏడుస్తోంది.

"జర నవ్వుర్రి మేడం" అన్నాడు.

దిగిపోయాను. బయట మెట్ల మీద కూర్చున్నాం. సౌజన్య మొక్కజొన్న కంకి కొనిచ్చింది. "అబద్ధం ఎందుకు చెప్పినవ్?" అంది. నేను కంకి గింజలు ఒలుస్తూ కూర్చున్నాను. దానికి మన ఇంటి సంగతులన్నీ తెలుసు, పోటీల సంగతీ తెలుసు.

"నీకు గంత కుళ్ళుంటే చెల్లెను పోనియ్యకు. కాయితం నీ చేతిలనే ఉన్నది గద? వద్దని రాయి. ఖతం."

"అలా రాస్తే పాపం కాదా?"

"పాపమో పుణ్యమో నాకేం ఎరుక? రాసి సూడు. చేతికి తెలుస్తది."

రాశాను పైడీ. మర్నాడు పొద్దున్నే కూర్చుని "వద్దు" అని రాశాను. ఎంత బాగా రాశానో తెలుసా! నేర్చుకున్న మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. "నాన్నా, దాని వయసు ఆటలకి లొంగే వయసు, దాని క్షేమం కోరే అక్కగా చెబుతున్నాను" అని. క్షేమం! చదివితే నా కళ్ళకే నీళ్ళొచ్చాయి. ఒక్క అక్షరం తప్పు లేదు, ఒక్క అక్షరం నిజం లేదు.

ఎలా వినిపిస్తుందో చూద్దామని సౌజన్య ముందు గట్టిగా చదివాను. మూడో వాక్యం దగ్గర కాయితం కింద పెట్టేశాను. ఎందుకంటే ఆ కాయితం చదివేది నేను కాదు. నాన్నకి అక్షరాలు రావు, అమ్మ సంతకం దగ్గరే ఆగిపోయింది. అరుగు మీద, దానమ్మత్త ముందు, "చిన్నదాన్ని పంపవద్దు" అని నీ గొంతుతో నువ్వే చదవాలి. మార్చి చదివినా ఎవరికీ తెలీదు. "పంపండి" అని చదివేస్తే చాలు, నాన్న అదే నమ్ముతాడు. నువ్వు అలా చదవవు. నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు చదివి, మడిచి, నాన్న చేతికిస్తావు. దానికి కూడా నాకు నీ మీద మండింది.

అప్పుడు ఎర్రయ్య పడవ గుర్తొచ్చింది. వల చిరిగిన తగాదాలో తాతకీ ఎర్రయ్యకీ మాటల్లేవు, వీధిలో ఎదురుపడితే ఒకరు గోడ వైపు తిరిగేవారు. ఒక ముసురు రోజు ఎర్రయ్య పడవ కెరటాల అవతల ఆగిపోయింది, లోపలికి రాలేక. తాత లేచి నిలబడ్డాడు. తుండు కిందికి దించి చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఆపి చంపుతున్నాడేమో అనుకున్నాను నేను. అంతలో తెరిపి వచ్చింది. తుండు పైకి లేచింది. పడవ వచ్చేసింది. ఎర్రయ్య తాత వైపు చూడనైనా లేదు, ఇంటికి పోయాడు. తాతా చూడలేదు.

"ఆడితో మాటల్లేవు కదా, ఎందుకు ఊపావు?" అని అడిగాను.

"మాటల్లేకపోతే ఏటే గుంటా? దిబ్బ మీదున్నోడు కెరటాన్ని సూడాలి గానీ పడవలో ఎవడున్నాడో సూడకూడదు."

దిబ్బ లేదు. తాతా లేడు. కానీ నాన్న నన్ను తీసుకెళ్ళి నిలబెట్టింది ఆ చోటులోనే. ఆ కాయితం చింపేశాను. కుళ్ళు మాత్రం పోలేదు, పోయిందని నమ్మకు. నువ్వు అక్కడ ఓడిపోతే నాకు వెంటనే చెప్పకు. నాకు సంతోషం వేస్తుందేమోనని భయం. గెలిస్తే ముందు నాకే చెప్పు. ఏడ్చాక ఫోను ఎత్తుతాను.

ఇక నాన్న దగ్గరికి వెళ్ళు. దానమ్మత్తని కూడా పిలువు. ఇక్కడి నుంచి గట్టిగా చదువు. ఒక్క మాట మార్చకు.

నాన్నకి, అమ్మకి,

పెద్దమ్మాయి రత్నం పాదాలకి దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను, నా గురించి దిగులు వద్దు. దగ్గుకి మిరియాల కషాయం మానకు నాన్నా.

నువ్వు అడిగిన దానికి జవాబు ఇది. చిన్నదాన్ని పంపు. అది కెరటాన్ని చదవగలదు. ఎలా తెలుసంటే, తాత నాకు నేర్పింది నేను దానికి అరిచి అరిచి నేర్పాను. మీరంతా వేటలో, బజారులో ఉన్నప్పుడు దిబ్బ మీంచి దానికి తుండు ఊపింది నేనే. దాని కాళ్ళ మీద నాకు నమ్మకం ఉంది. కోచ్‌తో పాటు అక్కడికి వచ్చే ఆడమనిషి ఎవరో, పడుకునేది ఎక్కడో నువ్వే వెళ్ళి అడిగి తెలుసుకో. రోజూ సాయంత్రం అది అమ్మకి ఫోను చెయ్యాలి.

అమ్మా, నల్లబడుతుంది, పెళ్ళి కాదు అంటావు. మనం తెల్లగా ఎప్పుడున్నాం?

నాన్నా, ఇంకో సంగతి. మన పేట ముందు కూడా రాళ్ళు వేస్తారంటున్నారు కదా. మీటింగుకి నువ్వూ వెళ్ళు. ఇళ్ళు నిలబడాలి, కాదనను. దానమ్మత్త వంటిల్లు పోయిన బాధ నాకు తెలుసు. కానీ రాళ్ళు వేసేముందు పడవ దిగే దారి ఎక్కడ వదులుతారో, మన ఇసుక ఆపితే ఉత్తరాన ఉన్న పేట ఏమవుతుందో పెద్దల ముందు అడుగు. మా సారు చెప్పింది పైడికి రాశాను, అది నీకు విడమరచి చెబుతుంది.

ఇంత రాసినందుకు నేనొకటి అడుగుతాను. నాన్నా, నేను రాసిందే మాట అన్నావు. దానమ్మత్త సాక్షి. దసరా సెలవులకి ఇంటికి వస్తాను. నేను వచ్చేసరికి పైడి బోర్డు ఒడ్డున ఉండాలి. దాని మీద ఎక్కేది పైడి కాదు, నేను. పెద్దదాన్ని అయ్యానని, చదువుకున్నదాన్ని అని, దానమ్మత్త చూస్తోందని, ఎవరూ నన్ను ఆపకూడదు. అమ్మా, నువ్వు కూడా. దిబ్బ మీద నా వంతు అయిపోయింది. ఈసారి తుండు ఊపేది చిన్నది. నేను నీళ్ళలో ఉంటాను.

దానమ్మత్తకి, పేటలో పెద్దలకి నా నమస్కారాలు. చిన్నపిల్లలకి ముద్దులు. అందరి దీవెనలు కోరుతూ,

మీ పెద్దమ్మాయి,
రత్నం

పైడీ, ఇది పైకి చదవకు. ఈపాటికి అమ్మ అరుస్తూ ఉంటుంది. పెద్దదాని చదువు మీద, ఆ బోర్డు మీద, నీ మీద, నాన్న మీద, వరసగా. ఎదురు చెప్పకు. కాయితం మడిచి నాన్న చేతికిచ్చి నిలబడు. పెద్దవి పోనీ. తెరిపి వస్తుంది. అప్పుడు లేచి బట్టలు సర్దుకో.